మాట మీద నిలిచిన శాస్త్రం

దేశంలో పేదలు ఎందరు, ఏ మతంవాళ్లు ఎంత శాతం, ఒక కుటుంబం నెలకు బియ్యానికి ఎంత పెడుతుంది, బీడీలకు ఎంత పెడుతుంది, ఏ కులంలో ఎంతమంది ఆడపిల్లలు పదో తరగతి దాటారు అన్నవన్నీ తెలిసిన విషయాల్లాగే మాట్లాడుకుంటాం. తెలిసిన దారి మాత్రం చాలావరకు ఒక్కటే. ఎవరో ఫారం పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. ఇంట్లోవాళ్లు చెప్పారు. వచ్చినవాళ్లు రాసుకున్నారు. ఆ తరువాత పుట్టే సగటులు, శాతాలు, సహసంబంధాలు అన్నిటికీ ఆ కాసేపటి సంభాషణే ఆధారం. అయినా పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకం తిరగేస్తే శాంపుల్ ఎంపికకూ, పరికల్పనల పరీక్షకూ పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ఎదుటి మనిషి మాటను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది ప్రశ్నావళి తయారీ అనే అధ్యాయంలో నాలుగు హెచ్చరికలతో ముగుస్తుంది. దత్తాంశం అని పేరు పెట్టగానే అది ఒకరు మరొకరికి చెప్పిన మాట అన్న సంగతి మరుగున పడుతుంది. సామాజిక శాస్త్రానికి అసలు పునాది కళ్లతో చూసే ప్రత్యక్షమూ కాదు, ఊహించి తేల్చే అనుమానమూ కాదు, ఒకరు చెబితే తెలిసే శబ్దం అన్నది నా వాదన. దాన్ని లోపంలా దాచుకోవడం మాని ప్రమాణంగా ఒప్పుకుంటేనే దాని దోషాలను సరిగ్గా పట్టుకోగలం. ఆ దోషాల్లో ఎక్కువ పాలు చెప్పినవాళ్లది కాదని, అడిగినవాళ్లదని కూడా అప్పుడే కనిపిస్తుంది.

ఒకరి మాట మరొకరికి జ్ఞానం కాగలదా అన్న వివాదం మన తత్త్వశాస్త్రంలో శతాబ్దాల తరబడి నడిచింది. చార్వాకులు ప్రత్యక్షాన్ని తప్ప దేన్నీ ఒప్పుకోలేదు. వైశేషికులు, దిఙ్నాగుడి దారిలో వచ్చిన బౌద్ధ తార్కికులు ప్రత్యక్షం, అనుమానం రెండే చాలన్నారు. విని తెలుసుకోవడం కూడా అనుమానంలో ఒక రకమేనని, దానికి వేరే పీట వేయనక్కర్లేదని వాళ్ల పక్షం. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు మాత్రం శబ్దాన్ని విడి ప్రమాణంగా నిలబెట్టారు. గౌతముడి న్యాయసూత్రాలు ఆప్తుడి మాటను శబ్దప్రమాణం అన్నాయి. ఆప్తుడంటే ఎవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు విడమరిచాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని కూడా అన్నాడు. పుట్టుకను బట్టి సాక్షికి విలువ కట్టే సమాజంలో సుమారు ఐదో శతాబ్దంలో రాసిన మాట ఇది. నైయాయికులు చివరికి వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికే ఈ మెట్లు కట్టుకున్నారన్నది నిజమే. ఆధునిక శాస్త్రమంతా మన శాస్త్రాల్లో ముందే ఉందని చెప్పుకునే సరదా నాకు లేదు. కానీ వాళ్లు వేదం నుంచి మొదలుపెట్టి మామూలు మనిషి దగ్గరికి రాలేదు, దారి చెప్పే మామూలు మనిషి నుంచి మొదలుపెట్టి వేదం దగ్గరికి వెళ్లారు. మనం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు. ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్లు మొదట చేతపట్టే తర్కసంగ్రహాన్ని పదిహేడో శతాబ్దంలో రాసిన తెలుగువాడు అన్నంభట్టు ఆ లక్షణాన్ని ఇంకా కుదించి, ఉన్నది ఉన్నట్టు పలికేవాడే ఆప్తుడని తేల్చేశాడు. ఆ కుదింపులో కొంత పోయిందని నాకనిపిస్తుంది. తెలియడం ఒక షరతు, చెప్పాలనుకోవడం మరొక షరతు అని వాత్స్యాయనుడు విడదీసి చూపినది అక్కడ కలిసిపోయింది. సర్వేల్లో జరిగే పొరపాట్లన్నీ ఈ రెండిటి మధ్యే తిరుగుతాయి.

ఈ పునాదిని వదిలించుకోవాలని గట్టిగా ప్రయత్నించినవాడు ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్. సామాజిక వాస్తవాలను వస్తువుల్లా చూడాలని 1895లో పద్ధతి నిర్దేశించి, రెండేళ్ల తరువాత ఆత్మహత్య మీద పుస్తకంతో దాన్ని చేసి చూపించాడు. ఎంతో వ్యక్తిగతమనుకునే చర్యకు కూడా సమాజంలోనే కారణం ఉందని, ప్రొటెస్టెంట్లలో ఆత్మహత్యల రేటు కాథలిక్కుల్లో కంటే ఎక్కువగా ఉండటానికి కారణం ఆ రెండు మతసంఘాలు మనిషిని తమలో కలుపుకునే తీరులో తేడాయేనని వాదించాడు. ఇందుకోసం సుమారు 26,000 కేసుల కాగితాలను ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్ కూర్చుని వర్గీకరించాడు. ఆ కాగితాల్లో ప్రతి మరణానికీ ఉద్దేశం కూడా రాసి ఉండేది: కుటుంబ కలహం, పేదరికం, ప్రేమ వైఫల్యం, మతిభ్రమణం. దుర్ఖైమ్ ఆ గడిని పక్కన పెట్టేశాడు. అవి చనిపోయినవాడి ఉద్దేశాలు కావు, హడావుడిలో ఆరా తీసిన కింది అధికారుల అభిప్రాయాలు అన్నాడు. చాలా మంచి విమర్శ. కానీ చనిపోయినవాడు ఎందుకు చనిపోయాడన్నది అధికారి అభిప్రాయమైతే, అది ఆత్మహత్య అన్నది మాత్రం ఎవరి అభిప్రాయం? నూతిలో తేలిన శరీరం కాలు జారి పడిందా, దూకిందా అని తేల్చినవాడు కూడా ఆ అధికారే. అతనికి చెప్పినవాళ్లు ఇంట్లోవాళ్లూ, చుట్టుపక్కలవాళ్లూ. ఒక గడిని అవిశ్వాసంతో కొట్టేసి, అదే కాగితంలో అదే చేత్తో రాసిన పక్క గడిని వస్తువుగా స్వీకరించాడు దుర్ఖైమ్.

ఈ అభ్యంతరం వట్టి తర్కంగా మిగలలేదు. ఆత్మహత్యను మహాపాపంగా చూసే కాథలిక్ ఊళ్లలో ఆ రోజుల్లో అలాంటి మరణానికి శ్మశానంలో చోటు దొరకడమే కష్టంగా ఉండేది. అలాంటిచోట ఇంట్లోవాళ్లు ఏం చెప్పి ఉంటారు, డాక్టరు ఏం రాసి ఉంటాడు? ఫ్రాన్స్ వాన్ పోపెల్, లింకన్ డే అనే ఇద్దరు పరిశోధకులు 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దపు మరణాల లెక్కలను మతాలవారీగా తీసి చూశారు. కాథలిక్కుల్లో ఆత్మహత్యలు తక్కువే. కానీ హఠాన్మరణం, కారణం సరిగ్గా తెలియని మరణం అనే గడుల్లో వాళ్ల సంఖ్య ప్రొటెస్టెంట్ల కంటే ఎక్కువ. ఆ గడులను కలిపి చూస్తే రెండు మతాల మధ్య తేడా దాదాపు మాయమైంది. దుర్ఖైమ్ సిద్ధాంతమంతా దీనితో కూలిపోలేదు, నెదర్లాండ్స్ ఒక్కటే యూరప్ కాదు. అయితే ఆయన కొలిచాననుకున్నది ఏమిటన్న ప్రశ్న తలకిందులైంది. మతం మనుషులను చావకుండా ఆపుతోందా, లేక చావు గురించి చెప్పే మాటను మారుస్తోందా? మాటను తప్పించుకుని వస్తువు దగ్గరికి వెళ్లాలనుకున్నవాడు మాట దగ్గరే ఆగిపోయాడు. ఆగినట్టు ఆయన గమనించకపోవడమే విచిత్రం.

అనుమానం బలంగా ఉంటే చాలదా అని ఇక్కడ అడగవచ్చు. ఈ కాలపు సామాజిక శాస్త్రం ఎక్కువగా గర్వపడేది కార్యకారణాలను విడదీసే నేర్పు గురించే. అది గర్వపడదగ్గదేనని ఒప్పుకుంటాను. నైయాయికులకు కూడా ఈ చిక్కు బాగా తెలుసు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని తిప్పి అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తోడైనప్పుడే పొగ పుడుతుంది. రెండిటి మధ్య చాటుగా నిలబడి సంబంధాన్ని నడిపించే ఆ తడికట్టెను వాళ్లు ఉపాధి అన్నారు. సూక్ష్మరుణం తీసుకున్న కుటుంబాలు తీసుకోనివాటికంటే బాగున్నాయని ఎవరైనా చెబితే వెతకవలసింది ఇలాంటి ఉపాధినే. అప్పుకు ముందుకొచ్చేవాళ్లు ముందునుంచే చొరవ ఉన్నవాళ్లు కావచ్చు. హైదరాబాదులో 2005 తరువాత ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో, వాళ్ల సహచరులు చేసిన ప్రయోగం ఆ ఉపాధిని తెంచడానికే పుట్టింది. 104 పేద బస్తీలను తీసుకుని లాటరీ పద్ధతిలో 52 ఎంచుకున్నారు. ఆ బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. ఏడాది దాటాక సర్వే చేస్తే సూక్ష్మరుణం తీసుకున్న ఇళ్లు శాఖలు తెరిచిన బస్తీల్లో 27 శాతం, మిగతావాటిలో 18 శాతం. సగటు వినియోగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది, పొగాకు, మద్యం, చిరుతిళ్ల వంటివాటి మీద తగ్గింది. స్త్రీల స్థితిలో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో మార్పు కనిపించలేదు. అప్పటిదాకా సూక్ష్మరుణం గురించి చెప్పిన పెద్దపెద్ద కబుర్లను ఈ ఫలితం బాగా దించింది. అది లాటరీ చేసిన పని.

లాటరీ చేయలేని పని ఒకటుంది. పొగాకు మీద ఖర్చు తగ్గిందని ఎలా తెలిసింది? అడిగితే చెప్పారు. బస్తీలను ఎంత నిష్పాక్షికంగా విడదీసినా, ఆ రెండు గుంపుల్లో కొలిచిన ప్రతి అంకె కూడా ఒక గడపలో ఒక మనిషి నోటి నుంచి వచ్చినదే. గ్రూపు సమావేశాల్లో పొదుపు గురించీ, క్రమశిక్షణ గురించీ పదేపదే విన్న స్త్రీలు భర్త బీడీల ఖర్చును కాస్త తక్కువ చేసి చెప్పే అవకాశం రెండువైపులా సమానంగా ఉంటుందని లాటరీ హామీ ఇవ్వదు. ఆ ఫలితం తప్పని నేననడం లేదు. అనుమానం ఎంత పదునైనదైనా అది కోసే సరుకు శబ్దం నుంచే వస్తుందని, కత్తి పదును సరుకు నాణ్యతను పెంచదని మాత్రమే అంటున్నాను.

అయితే జనం మరిచిపోతారు, అబద్ధాలు కూడా చెబుతారు కదా, అలాంటి మాటకు ప్రమాణం అన్న హోదా ఎలా ఇస్తామన్నది అన్నిటికంటే పాత అభ్యంతరం. దీనికి మన దేశమే మంచి పరీక్షాస్థలం. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే వినియోగం గురించి గడిచిన 30 రోజుల లెక్క అడుగుతూ వచ్చింది. ఆ గడువును ఊరికే పెట్టుకోలేదు. తొలి రోజుల్లో గణాంకవేత్త మహలనోబిస్ బృందం బెంగాల్‌లో కొన్ని ఇళ్లను వారం లెక్కతో, కొన్నిటిని నెల లెక్కతో అడిగి పోల్చి, నెలే నయమని తేల్చుకుంది. 1990ల మధ్యలో మళ్లీ ప్రయోగం చేశారు. తిండి ఖర్చును ఏడు రోజులకు అడిగితే గ్రామాల్లో తలసరి వ్యయం 15 శాతానికి మించి పెరిగినట్టు కనిపించింది, ఆ లెక్కన పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క గింజ అదనంగా పండలేదు, ఒక్క రూపాయి కూలి పెరగలేదు. ప్రశ్నలో గడువు మారిందంతే. 1999–2000 సర్వేలో ఇంకో చిత్రం జరిగింది. రెండు గడువులూ ఒకే ఫారంలో పక్కపక్కన అడిగారు. వారానికి రెండు కిలోలు అన్నవాళ్లు నెలకు ఎనిమిదో తొమ్మిదో అనక తప్పదు. ఒక జవాబు మరొకదాన్ని తన వైపు లాక్కుంది. ఆ సర్వే మీదే పేదరికం 36 శాతం నుంచి 26 శాతానికి తగ్గిందన్న అధికారిక ప్రకటన నిలబడింది. అది ఎంత నిజమన్నదాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు.

ఇది చూసి మాట మీద నమ్మకం వదులుకోవాలా? నాకు కనిపించేది అందుకు విరుద్ధం. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ముప్పై రోజుల కిందట కొన్న పావుకిలో పప్పును మరిచిపోయిన మనిషి వాత్స్యాయనుడి రెండో షరతును తప్పలేదు, మొదటిదాన్నే తప్పాడు. చెప్పాలన్న కోరిక ఉంది, తెలియడమే లేదు. తెలియనిదాన్ని అడిగిన తప్పు అడిగినవాడిది. పక్కపక్కన రెండు గడులు పెట్టి పొంతన కుదిర్చి చెప్పవలసిన ఇరకాటంలో మనిషిని పెట్టడం కూడా ఆ తప్పే. పైగా ఒక మాటలో దోషం ఉందని మనకు తెలిసినది ఎక్కువగా మరొక మాట వల్లనే. మీమాంసకుడు కుమారిలుడు జ్ఞానం పుట్టినప్పుడు దాన్ని ప్రమాణంగానే తీసుకోవాలని, దాన్ని తప్పని తేల్చే బాధకం ఎదురైనప్పుడే వదలాలని అన్నాడు. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు, ప్రామాణ్యం బయటినుంచి తేలవలసిందే అన్నారు. సర్వే ఫలితాలను విశ్లేషించే చోట నేను నైయాయికుల పక్షమే. గుమ్మం ముందు మాత్రం కుమారిలుడిదే సరైన దారి. ప్రతి జవాబునూ అబద్ధమన్న సందేహంతో మొదలుపెట్టేవాడికి దాన్ని సరిచూసుకోవడానికి మరో జవాబు కూడా మిగలదు.

రెండో షరతు, అంటే చెప్పాలన్న కోరిక, దెబ్బతినే చోట విషయం మరింత లోతుగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనగణనలో క్రైస్తవుల వాటా 1971లో 4 శాతం పైన ఉండేది. తరువాత ప్రతి దశాబ్దంలోనూ తగ్గుతూ 2011 నాటికి ఒకటిన్నర శాతం లోపుకు వచ్చింది. అదే కాలంలో కోస్తా జిల్లాల్లో ప్రార్థనా మందిరాలు పెరగడం కళ్లున్నవాళ్లందరూ చూశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడినని చెప్పిన దళితుడు ఆ జాబితా దాటి వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపులోకి వెళ్తాడు. అక్కడ దక్కే రిజర్వేషన్ 1 శాతం. ఈ పరిస్థితిలో మీ మతం ఏమిటన్న ప్రశ్న విశ్వాసం గురించిన ప్రశ్నగా మిగులుతుందా? కొడుకు ఫీజు, కూతురి ఉద్యోగం, గృహనిర్మాణ పథకం అన్నీ ఆ ఒక్క గడిలో ఉన్నాయి. తగ్గిన అంకె మతాంతరం వెనక్కి మళ్లిందని చెబుతోందా, మాట వెనక్కి తగ్గిందని చెబుతోందా అన్నది జనగణన చేతిలో ఉన్న సరుకుతో తేలదు. ఇలాంటిచోట జవాబు చెప్పినవాడిని అబద్ధాలకోరు అనడం తేలిక. మాటకు రాజ్యం ధర కట్టి, ఆ మాటనే తూకపురాయిగా వాడుకుంటున్న సంగతి ఎవరూ ఎత్తరు. ఆప్తుడు కావాలంటే చెప్పాలన్న కోరిక ఉండాలన్న షరతును అడిగేవాడి వైపు నుంచి కూడా చదవాలి. నిజం చెప్పినందుకు నష్టపోని స్థితిని కల్పించడం పరిశోధన పద్ధతిలో భాగమే.

బౌద్ధ తార్కికుడు ఇక్కడ జోక్యం చేసుకుంటాడు. మాట వల్ల తెలిసేది విషయం కాదు, మాట్లాడినవాడు ఏం చెప్పదలచుకున్నాడన్నదే, విషయాన్ని దాని నుంచి ఊహించుకోవలసిందే అని ధర్మకీర్తి పక్షం. ఉప్పు ఉప్పగా ఉందని ఎవరో అంటే, ఉప్పు గురించి మనకు దొరికింది అతని ఉద్దేశమే. ఈ వాదన భౌతిక విషయాల్లో బలమైనది. సమాజం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే వాదన శబ్దానికి అనుకూలంగా తిరగబడుతుంది. ఉప్పు ఉప్పదనం ఎవరూ చెప్పకపోయినా ఉంటుంది. ఒక మనిషి ఏ మతంవాడన్నది అతను చెప్పుకోవడం నుంచి, ఇతరులు అతన్ని పిలవడం నుంచి పూర్తిగా విడిపోయి ఎక్కడైనా ఉందా? అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయప్పకు మొక్కే హిందువు, తెలంగాణ పల్లెల్లో పీర్ల గుండం చుట్టూ ఆడే మనిషి ఆ గడిలో హిందూ అని రాయించుకుంటారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. 1911 జనగణనలో గుజరాత్ వైపు హిందూ, ముస్లిం రెండు మతాల ఆచారాలూ పాటించి రెండు పేర్లూ కలిపి చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. పై అధికారులకు అది మింగుడుపడలేదు, ఏదో ఒక గడిలో సర్దవలసిందే అన్నారు. అక్కడ తెలియనిది ఎవరికి? 2011లో సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో జనం చెప్పిన కులాల పేర్లు 46 లక్షలు దాటాయని, అందువల్ల వాడుకోలేమని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. 1931లో లెక్కకు వచ్చిన కులాలు 4,147. ఎనభై ఏళ్లలో కులాలు వెయ్యింతలు పుట్టలేదు. అడిగినదానికి కొందరు కులం చెప్పారు, కొందరు ఉపకులం, కొందరు గోత్రం, కొందరు ఇంటిపేరు. కాపు అని ఒకరు చెబితే గోదావరి జిల్లాల్లో ఒక అర్థం, శ్రీకాకుళంలో మరొకటి, తెలంగాణలో ఇంకొకటి. ఒక పదం తన అర్థం పూర్తి కావడానికి మరొక పదాన్ని కోరడాన్ని ఆకాంక్ష అంటారని తర్కసంగ్రహం చదివిన పిల్లవాడు కూడా చెబుతాడు; ఏ పేరు కోరుతోందో చెప్పని ఈ ప్రశ్న ఆ ఆకాంక్ష తీరకుండానే గుమ్మం ముందు నిలబడింది.

ఈ గొడవంతా ఎందుకు, మనుషులను అడగడమే మానేస్తే పోదా అన్నది కొత్త ఆశ. ఉపగ్రహం పంటను చూస్తుంది, ఫోన్ కదలికలను చూస్తుంది, బ్యాంకు ఖాతా ఖర్చును చూస్తుంది. మరచిపోవడం లేదు, మొహమాటం లేదు. ఈ ఆశలో కొంత సత్తువ ఉంది, పంట విస్తీర్ణం లాంటివాటిలో ఇప్పటికే పనికొస్తోంది. కానీ ఆకాశం నుంచి వరి కనిపిస్తుంది, ఆ వరి ఎవరు వేశారో కనిపించదు. అది తెలియాలంటే కాగితం చూడాలి, కాగితమంటే ఎప్పుడో ఒకరు చెబితే మరొకరు రాసిన మాటే. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. తెలంగాణలో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక ఆ రెండో గడి పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టా ఉన్నవాళ్లకే అందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంటసాగుదారుల హక్కుల చట్టం కౌలురైతుకు కార్డు ఇస్తానంది, అందుకు భూయజమాని ఒప్పుకోవాలంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నాటి 421 జీవో కింద ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం రావాలంటే అధికారుల కమిటీ ముందు అతను రైతేనని, అప్పులే కారణమని కాగితాలతో రుజువు కావలసి వచ్చేది. కౌలు నోటిమాట, వడ్డీవ్యాపారి అప్పు నోటిమాట. దుర్ఖైమ్ పక్కన పెట్టిన ఉద్దేశం గడి ఇక్కడ ఒక కుటుంబం బతుకును తేల్చే గడి అయి కూర్చుంది. మనుషుల మాటను తప్పించామని చెప్పే దత్తాంశం నిజానికి కొందరి మాటను ముందే రాసుకుని, మిగిలినవాళ్ల మాటను వినకుండా తలుపు మూసిన దత్తాంశం.

ఇంకొక అభ్యంతరం వామపక్షం నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. మనుషులకు తమ సమాజం గురించి తప్పుడు స్పృహ ఉండవచ్చు. వాళ్ల మాటనే ప్రమాణం చేస్తే ఉన్న అన్యాయానికి మనం వకాల్తా పుచ్చుకున్నట్టే కదా. ఊళ్లో ఇప్పుడు అంటరానితనం లేదండీ అని టీకొట్టు యజమాని చెబుతాడు, రాసుకుని వచ్చేస్తామా? దీనికి నైయాయికుల షరతులోనే జవాబుంది. ఆప్తత్వం మనిషికి అంటిపెట్టుకున్న బిరుదు కాదు, విషయాన్ని బట్టి మారేది. రెండు గ్లాసుల పద్ధతి గురించి స్వయంగా ఎరిగినవాడు వేరే గ్లాసులో టీ తాగినవాడు. యజమాని ఎరిగినది తను ఏం చేస్తున్నాననుకుంటున్నాడో అంతవరకే. 2011–12లో దేశవ్యాప్తంగా జరిగిన మానవాభివృద్ధి సర్వేలో, మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని అడిగితే నాలుగోవంతుకు మించిన కుటుంబాలు ఏదో ఒక రూపంలో పాటిస్తామని ఒప్పుకున్నాయి. తమకు చెడ్డపేరు తెచ్చే విషయాన్ని తామే ఒప్పుకున్న మాట కాబట్టి దానికి బలమెక్కువ. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది. కానీ ఆ ప్రశ్న అడిగింది పాటించేవాళ్లను. పాటింపుకు గురైనవాళ్లు చెప్పే అంకెను దాని పక్కన పెడితే రెండిటి మధ్య తేడాయే ఒక అధ్యయనం. తప్పుడు స్పృహకు మందు మాటను కొట్టేయడం కాదు, ఎవరి మాట ఏ విషయంలో ప్రమాణమో తేల్చుకోవడం.

ఆ పని చేసి చూపినవాడు ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా. 1975 నుంచి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు సహా ఆరు గ్రామాల్లో ఊరికి 40 కుటుంబాల చొప్పున ఏళ్ల తరబడి లెక్కలు తీసింది. సర్వే చేసేవాళ్లు ఆ ఊళ్లలోనే కాపురం ఉండి మళ్లీమళ్లీ వెళ్లి అడిగేవారు. ఒక్కరోజు గుమ్మం ముందు నిలబడి వచ్చిన జవాబుకూ, నెలలు గడిచాక మొహమాటం పోయి వచ్చే జవాబుకూ ఎంత తేడా ఉంటుందో ఆ పద్ధతి చూపించింది. ఆ పనిలో భాగస్వామి అయిన జోధా రాజస్థాన్‌లోని రెండు గ్రామాలను 1960ల మధ్యలో ఒకసారి, 1980ల మొదట్లో మరోసారి చూశాడు. తలసరి నిజ ఆదాయం 5 శాతానికి పైగా పడిపోయిన కుటుంబాలను విడిగా తీశాడు. ఏ ఆర్థికశాస్త్ర గ్రంథం ప్రకారమైనా వాళ్లు మరింత పేదలయ్యారు. తరువాత, బాగుపడటమంటే ఏమిటని ఆ జనాన్నే అడిగాడు. వాళ్లు చెప్పినవి ఇలాంటివి: పెద్దరైతు దగ్గర పాలేరుతనం తప్పడం, అతని భూమిలో ఇల్లు వేసుకుని ఉండనక్కర్లేకపోవడం, విత్తనానికీ తిండిగింజలకూ అతని దగ్గర చేయి చాపనక్కర్లేకపోవడం, కాళ్లకు చెప్పులుండటం. ఇలాంటి 38 కొలతల్లో 37 ప్రకారం ఆ కుటుంబాలు ముందుకంటే మెరుగయ్యాయి. ఆదాయం లెక్క తప్పని జోధా అనలేదు. అది కొలిచేదాన్ని అది సరిగ్గానే కొలిచింది. పాలేరుతనం పోయిన ఇంట్లో గింజలు కాస్త తగ్గి ఉండవచ్చు, తెల్లవారుజామున ఎవరి కేకకూ లేవనక్కర్లేని బతుకు వచ్చి ఉండవచ్చు. ఈ రెండూ ఒకే కుటుంబం నోటి నుంచి వచ్చిన మాటలే. మొదటిదానికి గడి ఆర్థికవేత్త గీశాడు, రెండోదానికి గడి కావాలని వాళ్లు చెప్పారు. ఆ కుటుంబాలు పేదవయ్యాయా లేదా అన్నది తేల్చవలసింది ఈ ఇద్దరిలో ఎవరన్న ప్రశ్నకు పేదరికపు గీతలు గీసే కమిటీలు ఇప్పటిదాకా నేరుగా జవాబు చెప్పలేదు.